అప్పులు తీర్చుకోవడం ఎలా: ముందు వడ్డీ, తరువాత ఖర్చు, ఆపైన అదనపు సంపాదన

జీతం చేతికందిన వారంలోపే అందులో సగానికి పైగా ఈఎంఐలకూ వడ్డీలకూ వెళ్లిపోయే ఇళ్లు మన మధ్య చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో మొదట వచ్చే ఆలోచన ఇంకేదైనా పని చేసి నాలుగు డబ్బులు ఎక్కువ సంపాదించాలన్నది, రెండవది ఖర్చులు తగ్గించుకోవాలన్నది. రెండూ అవసరమే. అయితే ఈ రెండింటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఏ అప్పుకు ఎంత వడ్డీ పడుతోందో తేల్చుకుని, మోయలేని వడ్డీకి తెచ్చిన అప్పును తక్కువ వడ్డీ అప్పుగా మార్చుకోవాలి. ఆ పని చేయకపోతే, ఆదివారాలు కూడా కష్టపడి సంపాదించిన డబ్బు అసలు దాకా చేరకుండానే వడ్డీకి జమ అయిపోతుంది. అందుకే ఇక్కడ వడ్డీ లెక్కకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అప్పులన్నీ ఒక కాగితం మీదకు

ఇంట్లో భార్యాభర్తలిద్దరూ కూర్చుని, ఒకరికి తెలియకుండా మరొకరు తెచ్చిన చేబదుళ్లతో సహా, ఉన్న అప్పులన్నీ ఒక కాగితం మీద రాయాలి. ఎవరికి బాకీ ఉన్నాం, అసలు ఎంత మిగిలింది, నెలకు ఎంత కడుతున్నాం, అందులో వడ్డీ ఎంత, ఏ తేదీన కట్టాలి, హామీగా ప్రోనోటు ఇచ్చామా, చెక్కు ఇచ్చామా, బంగారం పెట్టామా, జామీను సంతకం ఎవరు చేశారు అన్నవి తప్పనిసరిగా ఉండాలి. ఈ కాగితం రాసే రోజు కోపతాపాలు సహజమే కానీ, దాచిన అప్పు ఒక్కటి మిగిలిపోయినా తరువాత వేసుకునే ప్రణాళిక అంతా తప్పుతుంది కనుక ఆ సంభాషణను వాయిదా వేయకూడదు.

తరువాత అన్ని వడ్డీలనూ ఒకే కొలతలోకి, అంటే ఏడాదికి ఎంత శాతమన్న లెక్కలోకి మార్చాలి. నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24, మూడు రూపాయలంటే 36, ఐదు రూపాయలంటే 60 శాతం. క్రెడిట్ కార్డు బాకీ మీద అనేక బ్యాంకులు నెలకు మూడు నుంచి మూడు ముప్పావు శాతం దాకా వసూలు చేస్తాయి, దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. నెలకు మూడున్నర శాతమనుకుంటే జీఎస్టీతో కలిపి ఏడాదికి 49 శాతం దాటుతుంది. బజారులో ఐదు రూపాయల వడ్డీకి భయపడే మనిషి కూడా కార్డు బాకీని తేలికగా తీసుకోవడం నేను తరచూ చూస్తున్నాను, అది బ్యాంకు పేరు మీద వస్తుంది కాబట్టి. యాభై వేల బాకీ ఉన్న కార్డుకు కనీస మొత్తంగా 2,500 కట్టారనుకోండి. అందులో 1,750 వడ్డీకి, 315 జీఎస్టీకి పోగా, అసలులో తగ్గేది 435 రూపాయలు మాత్రమే. పైగా పాత బాకీ నిలిచి ఉన్నంత కాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా వర్తించదు.

చిన్న వ్యాపారులు తీసుకునే డైలీ ఫైనాన్స్ ఇంకా ఖరీదైనది. పది వేల అప్పు అని చెప్పి 1,500 ముందుగానే పట్టుకుని 8,500 చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, రోజురోజుకూ తగ్గే అసలు మీద లెక్కించినప్పుడు అది ఏడాదికి సుమారు 120 శాతం వడ్డీ అవుతుంది. ఫ్లాట్ వడ్డీ (అసలు తగ్గుతున్నా మొదటి మొత్తం మీదే గడువంతా లెక్కించే వడ్డీ) అని చెప్పే వాహన రుణాలు, కన్స్యూమర్ లోన్ల విషయంలోనూ ఇలాగే జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మూడేళ్ల గడువుకు 12 శాతం ఫ్లాట్ అంటే తగ్గే బాకీ మీద నిజంగా పడేది 21 శాతం పైమాటే.

ఒక ఇంటి లెక్క

ఊహించిన ఒక ఉదాహరణతో చెబుతాను. నెలకు 45,000 జీతం వచ్చే ఇంట్లో నాలుగు అప్పులున్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 80,000, దానికి జీఎస్టీతో కలిపి నెలకు 3,304 వడ్డీ. మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద తెచ్చిన రెండు లక్షలు, వాటికి నెలకు 6,000. పర్సనల్ లోన్ 2,50,000, 14 శాతం వడ్డీ, ఇంకా మూడేళ్ల గడువు, ఈఎంఐ సుమారు 8,550. బావమరిది దగ్గర వడ్డీ లేకుండా తీసుకున్న లక్ష. నెలకు దాదాపు 17,850 వెళ్లిపోతున్నా, పర్సనల్ లోన్ తప్ప ఏ బాకీలోనూ అసలు తగ్గడం లేదు.

ఆ ఇంట్లో ఉన్న నగలలో కొన్నింటిని బ్యాంకులో పెట్టి రెండు లక్షల గోల్డ్ లోన్ తీసుకుని ప్రోనోటు బాకీ తీర్చేస్తే, ఏడాదికి 10 శాతం చొప్పున వడ్డీ నెలకు 1,667 అవుతుంది. ఒక్క రూపాయి కొత్తగా సంపాదించకుండానే, ఒక్క పూట భోజనం తగ్గించుకోకుండానే నెలకు 4,333 మిగిలాయి. దీనికి ఖర్చుల్లో తగ్గించిన 3,000, అదనపు పనితో వచ్చే 5,000, ఇప్పటికే కార్డుకు వడ్డీగా కడుతున్న 3,300 కలిపితే నెలకు సుమారు 15,600 కార్డు మీదకు మళ్లించవచ్చు. కార్డు వాడకం పూర్తిగా ఆపితే ఆరో నెలలో ఆ బాకీ ముగుస్తుంది. ఆ తరువాత అదే మొత్తాన్ని బంగారం మీద అప్పుకు కడితే మరో పదమూడు నెలల్లోపు నగలు ఇంటికి వస్తాయి.

నగలు కుదువ పెట్టడమంటే పరువు పోయినట్టు భావించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బీరువాలో నగలు ఉంచుకుని బయట 36 శాతం వడ్డీ కట్టడం ఆ ఇంటి ఆడవారి భద్రతను కూడా తగ్గిస్తుందే తప్ప పెంచదు, ఆ వడ్డీ ఏళ్ల తరబడి కట్టాక చివరికి అవే నగలు అమ్మవలసి వస్తుంది కనుక. అయితే నగలు ఎవరివో వారి ఇష్టపూర్వకమైన అంగీకారం లేకుండా ఈ పని చేయకూడదు. గోల్డ్ లోన్ వడ్డీ ఏడాది చివర ఒకేసారి కట్టవచ్చని చెప్పినా నెలనెలా కట్టుకోవడం మంచిది. గడువు దాటితే వేలం వేసే హక్కు అప్పిచ్చిన సంస్థకు ఉంటుంది. ప్రైవేటు గోల్డ్ లోన్ కంపెనీల వడ్డీ బ్యాంకుల కంటే చాలా ఎక్కువ ఉండవచ్చు కాబట్టి ముందు బ్యాంకులోనే అడగాలి.

బంగారం లేని వారికి వేరే దారులున్నాయి. ఎల్‌ఐసీ పాలసీ సరెండర్ విలువ (పాలసీని మధ్యలో ఆపేస్తే చేతికొచ్చే మొత్తం) మీద వచ్చే రుణం, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద రుణం, ఉద్యోగుల సహకార సంఘం ఇచ్చే రుణం, డ్వాక్రా సంఘ సభ్యులకు బ్యాంకు లింకేజీ ద్వారా, మహిళా సంఘాలకు అప్పిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి ద్వారా వచ్చే రుణాలు బజారు వడ్డీ కంటే చాలా తక్కువకు దొరుకుతాయి. ఇప్పటికే కడుతున్న చీటీ ఉంటే, అది రిజిస్టరైన సంస్థలోదైతే, పాట పాడి ఆ డబ్బుతో ఖరీదైన అప్పు తీర్చవచ్చు. కానీ చీటీ మొత్తంలో ఎంత వదులుకుని పాడుతున్నామో, ఫోర్‌మన్ (చీటీ నడిపేవారి) కమీషన్ పోగా చేతికెంత వస్తుందో లెక్క వేసుకున్నాకే పాడాలి. చిట్ ఫండ్స్ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఆ కమీషన్ గరిష్ఠంగా 7 శాతం దాకా ఉండవచ్చు. ఇంటి కాగితాలు పెట్టి క్రెడిట్ కార్డు బాకీలు తీర్చడాన్ని మాత్రం నేను చివరి మార్గంగానే చెబుతాను, ఎందుకంటే హామీ లేని అప్పు అప్పుడు ఇంటి మీద అప్పుగా మారుతుంది.

వడ్డీ లేకుండా ఇచ్చిన బంధువును లెక్కల్లో చివర పెట్టినా మాటల్లో చివర పెట్టకూడదు. ఎప్పటి నుంచి కడతామో ముందే చెప్పి, నెలకు వెయ్యి రూపాయలైనా క్రమం తప్పక ఇస్తూ ఉంటే సంబంధం నిలుస్తుంది.

ఖర్చులో పెద్దవాటి నుంచి

ఖర్చు తగ్గించడమంటే టీ మానేయడంతో మొదలుపెట్టేవారు ఎక్కువ. దాని వల్ల మిగిలేది తక్కువ, కలిగే విసుగు ఎక్కువ. అద్దె, పిల్లల ఫీజులు, వాహనాలు, ఫంక్షన్లు అనే నాలుగింటిని ముందు చూడాలి. నెలకు మూడు వేలు తక్కువ అద్దె ఉన్న ఇంటికి మారితే ఏడాదికి 36,000 మిగులుతాయి. దూరం పెరిగి పెట్రోలు ఖర్చు ఆ మేరకు పెరగకుండా చూసుకుంటే చాలు. స్కూలు ఫీజు విషయంలో యాజమాన్యాన్ని ముందుగానే కలిసి వాయిదాలు అడగడానికి సంకోచించనక్కరలేదు, ఫీజు కోసం యాప్‌లో అప్పు తీసుకోవడం కంటే అది ఎంతో మేలు. వచ్చే విద్యా సంవత్సరానికి మంచి ప్రభుత్వ పాఠశాలనో, గురుకుల ప్రవేశాన్నో పరిశీలించడం కూడా పిల్లల పట్ల బాధ్యతే.

పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, గృహప్రవేశాల చదివింపుల దగ్గర మన వాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడతారు. అప్పు తీరేదాకా మనింట్లో వేడుకలను ఇంటివరకే చేసుకుంటామని, బయటి చదివింపులకు నెలకు ఇంత అని ముందే నిర్ణయించుకుని, ఆ మాటను పెద్దవారితో చెప్పించుకుంటే ఒత్తిడి చాలా తగ్గుతుంది. అప్పు చేసి నలుగురిలో గొప్పగా కనిపించిన రోజులను తరువాత ఆ నలుగురూ గుర్తుపెట్టుకోరు.

మిగతా ఖర్చుల్లో కరెంటు గురించి ఒక లెక్క ఉపయోగపడుతుంది. పాత సీలింగ్ ఫ్యాన్ 70 నుంచి 80 వాట్లు తీసుకుంటే తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాన్ ఒక్కటికే నెలకు సుమారు 20 యూనిట్లు మిగులుతాయి. శ్లాబు దాటితే యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి ఈ ఆదాకు విలువ ఇంకా ఎక్కువ. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు పొందే అర్హత ఉన్న కుటుంబాలు ఆ హద్దు దాటకుండా చూసుకోవాలి. ఏసీ ఉన్నవారు 24 డిగ్రీల కంటే తక్కువకు పెట్టకపోవడం మేలు.

ప్రభుత్వ పథకాలను వాడుకోవడంలో నామోషీ పడకూడదు. మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి నిర్దిష్ట సర్వీసుల్లో అమలులో ఉంది. రోజూ ఆటోకు అరవై రూపాయలు పెట్టే ఉద్యోగినికి నెలకు పదిహేను వందలు అలా మిగులుతాయి. బీపీ, షుగర్ మందులు నెలనెలా కొనేవారు డాక్టరును అడిగి జనఔషధి కేంద్రంలో అదే మందును కొంటే చాలా వాటికి సగం కంటే తక్కువే అవుతుంది. ఆసుపత్రి ఖర్చే కుటుంబాలను అప్పుల్లోకి నెట్టే పెద్ద కారణాల్లో ఒకటి కనుక, తెలంగాణలో ఆరోగ్యశ్రీకి, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవకు అర్హత ఉందో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకుని పెట్టుకోవాలి.

తగ్గించకూడనివీ కొన్ని ఉన్నాయి. పిల్లల పాలు, గుడ్లు, పెద్దల మందులు, ఆరోగ్య బీమా, సంపాదించే మనిషి పేరిట ఉన్న టర్మ్ బీమా ప్రీమియం ఆపకూడదు. అలాగే అప్పులు తీరుస్తున్నప్పుడే పది పదిహేను వేలు వేరే ఖాతాలో పక్కన పెట్టాలి. అది లేకపోతే బండి రిపేరు వచ్చిన రోజున మళ్లీ కార్డు గీకవలసి వస్తుంది.

పెట్టుబడి లేని అదనపు సంపాదన

అదనపు సంపాదనకు నేను పాటించమనే నియమం ఒకటే: దానికోసం కొత్త అప్పు చేయకూడదు. అప్పుల్లో ఉన్న మనిషి ఫ్రాంచైజీ కోసమో, కోళ్ల ఫారం కోసమో మరో మూడు లక్షలు తేవడం ప్రమాదకరం. చేతిలో ఉన్న పనితనం, ఇంట్లో ఉన్న పరికరం, ఇప్పటికే ఉన్న పరిచయాలు వీటితోనే మొదలుపెట్టాలి.

లెక్కలు, సైన్సు బాగా వచ్చినవారికి పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పడం ఇప్పటికీ నమ్మకమైన ఆదాయం. కామర్స్ చదివినవారు వీధిలోని చిన్న దుకాణాలకు, మెడికల్ షాపులకు వారాంతాల్లో లెక్కలు రాసిపెట్టవచ్చు. కుట్టు మిషను ఉన్న ఇంట్లో ఫాల్స్, పీకో, బ్లౌజుల పనికి పెళ్లిళ్ల కాలంలో గిరాకీ తగ్గదు, మగ్గం పని నేర్చినవారికి ఇంకా మెరుగైన కూలి వస్తుంది. వేసవిలో ఆవకాయ, సంక్రాంతికి అరిసెలు, సకినాలు, ఏడాది పొడుగునా కారప్పొడులు చేసి అపార్టుమెంట్లలో, ఆఫీసుల్లో ఆర్డరు మీద అమ్మే మహిళలు చాలామంది ఉన్నారు. ఇలా ఆహార పదార్థాలు అమ్మేటప్పుడు ఫుడ్ సేఫ్టీ సంస్థ దగ్గర బేసిక్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఏడాదికి 12 లక్షల లోపు టర్నోవరు ఉన్నవారికి దాని రుసుము ఏడాదికి 100 రూపాయలే. అడ్వాన్సు తీసుకుని మాత్రమే పెద్ద ఆర్డరు ఒప్పుకోవాలి, నూనెకూ బెల్లానికీ మన డబ్బు చిక్కుకుపోకుండా.

బైకు మీద డెలివరీ, బైక్ ట్యాక్సీ పని చేసేవారు రోజు చివర యాప్‌లో కనిపించిన మొత్తాన్నే ఆదాయమనుకోకూడదు. పెట్రోలు, ఆయిలు, టైర్ల అరుగుదల, బీమా తీసివేసి, గంటకు ఎంత మిగిలిందో రెండు వారాలు రాసుకుంటే అది కొనసాగించదగినదో కాదో తెలుస్తుంది. రాత్రి పదకొండు దాకా బండి నడిపి మరునాడు అసలు ఉద్యోగంలో తప్పులు చేసే పరిస్థితి వస్తే ఆ ఆదాయం నష్టమే. ఉన్న ఉద్యోగంలో ఓవర్‌టైమ్ దొరికితే అంతకంటే మంచిది లేదు. ప్రభుత్వ ఉద్యోగులు ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి లేకుండా బయటి వ్యాపారం చేయకూడదు, ఆ సంగతి మరువకూడదు.

అప్పుల్లో ఉన్నవారినే వెతుక్కుంటూ వచ్చే మోసాలు కొన్ని ఉన్నాయి. ఫోన్‌లో వీడియోలకు లైకులు కొడితే, హోటళ్లకు రేటింగు ఇస్తే డబ్బు ఇస్తామని మొదట రెండు మూడు వందలు వేసి, తరువాత డిపాజిట్ కట్టమనేవి పూర్తిగా మోసాలు. మనుషులను చేర్పించి కమీషన్ తినే గొలుసుకట్టు పథకాలపై 1978 నుంచే చట్టపరమైన నిషేధం ఉంది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ లాంటి ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. షేర్ మార్కెట్‌లో ఆప్షన్ ట్రేడింగ్‌తో అప్పు తీరుద్దామనుకునేవారు ఆ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో వెలువరించిన అధ్యయనం చూడాలి. మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగంలో పాల్గొన్న వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. పైన చెప్పిన ఆన్‌లైన్ మోసాల్లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

అదనంగా వచ్చిన డబ్బు జీతం ఖాతాలో కలిసిపోతే ఎటు పోయిందో తెలియదు. దాన్ని వేరే ఖాతాలోకి తెప్పించుకుని, వచ్చిన వారంలోనే ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకు కట్టేయాలి. పర్సనల్ లోన్‌కు ముందుగా కట్టాలనుకుంటే ఫోర్‌క్లోజర్ చార్జీ (గడువుకు ముందే తీర్చినందుకు వేసే రుసుము) ఎంతో ఒప్పంద పత్రంలో చూసుకోవాలి. వ్యక్తులు వ్యాపారం కోసం కాక తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ (గడువులో మారుతూ ఉండే వడ్డీ) రుణాల మీద బ్యాంకులు ఆ చార్జీ వేయకూడదు కానీ, పర్సనల్ లోన్లు చాలావరకు ఫిక్స్‌డ్ వడ్డీవే.

కట్టలేని నెల వచ్చినప్పుడు

ఈఎంఐ తప్పుతుందని తెలిసినప్పుడు తేదీకి ముందే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి గడువు పెంచమని అడగాలి. బ్యాంకు వన్ టైమ్ సెటిల్‌మెంట్ (కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకుని ముగించే రాజీ) ఇస్తానంటే కొంత తగ్గుతుంది కానీ, మన అప్పుల చరిత్రను చూపే సిబిల్ నివేదికలో ఆ ఖాతా మూసివేసినట్టుగా కాక ‘సెటిల్డ్’ అని పడి తరువాతి రుణాలకు అడ్డవుతుంది. అది కూడా తెలిసే ఒప్పుకోవాలి. కోర్టుదాకా వెళ్లిన బాకీకి లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు, ఉచిత న్యాయ సలహాకు 15100 నంబరు ఉంది. చెక్కు ఇచ్చి ఉంటే మాత్రం అజాగ్రత్త పనికిరాదు. బౌన్సయిన చెక్కుపై నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేయవచ్చు.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయకూడదని, అప్పు తీసుకున్న వ్యక్తినీ బంధుమిత్రులనూ అవమానించకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశాలున్నాయి. ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో సమాధానం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను (ఫిర్యాదుల పరిష్కార అధికారిని) ఆశ్రయించవచ్చు, సమాచారానికి 14448. ఏ బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) తరఫున ఇస్తోందో చెప్పని, ఫోన్‌లోని కాంటాక్టులు అడిగే లోన్ యాప్ జోలికి వెళ్లకూడదు. ఇప్పటికే చిక్కుకుని ఫొటోలతో బెదిరింపులు వస్తుంటే ఆ సందేశాలను చెరపకుండా ఉంచి సైబర్ పోలీసులకు ఇవ్వాలి, ఇంట్లో వారికి చెప్పాలి. బతకడం కష్టమనిపించేంత భారం మనసు మీద ఉంటే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలీ మానస్‌కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తీర్చడానికి దారి లేని అప్పు చాలా అరుదు, మనిషి ఉంటేనే ఆ దారి వెతకగలం.

తీరిన అప్పుకు కాగితం

ప్రోనోటు మీద కొంత కట్టిన ప్రతిసారీ దాని వెనుక తేదీతో చెల్లు రాయించుకోవాలి, వీలైతే డబ్బును బ్యాంకు ద్వారానే పంపాలి. మొత్తం తీరిన రోజున ప్రోనోటు, ఇచ్చిన చెక్కులు చేతికి తీసుకున్నాకే లేవాలి, రేపు ఇస్తానన్న మాటకు ఒప్పుకోకూడదు. బ్యాంకు రుణానికి నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇంటి కాగితాలు తాకట్టులో ఉంటే, బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో వాటిని తిరిగి ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం ఇవ్వాలి. వాహన రుణం తీరితే బ్యాంకు ఇచ్చే ఫారం 35తో ఆర్‌సీ మీద హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) తీసివేయించుకోవాలి. ఒకటి రెండు నెలల తరువాత, ఏడాదికి ఒకసారి ఉచితంగా లభించే సిబిల్ నివేదిక తెప్పించి ఆ ఖాతా మూసివేసినట్టు నమోదయిందో లేదో చూసుకుని, తప్పు ఉంటే సిబిల్‌కూ బ్యాంకుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.